ఓబులమ్మ మస్కట్ ఆదివారం

ఓబులమ్మను రెండు రోజులు ఊరికే కూర్చోబెట్టాలని చూసి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. పోయిన ఏడు మోకాలికి దెబ్బ తగిలి, మంచం దిగొద్దని డాక్టరు గట్టిగా చెబితే, మంచం మీద కూర్చునే వీధిలోని వాళ్ళందరి చింతపండుకూ గింజలు తీసిపెట్టింది. అలాంటి మనిషి "రెండు దినాలు రెస్టు తీసుకునేదానికి మా తమ్ముని కాడికి మస్కట్ పోతాండా" అని కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంటూ తిరిగితే, ఊరు ముక్కున వేలేసుకోక ఏం చేస్తుంది!

కోయిలకుంట్లకు నాలుగు మైళ్ళ దూరంలో వాళ్ళ ఊరు. భర్త లాజరు రెండెకరాల నల్లరేగడిలో శనగ వేస్తాడు. ఓబులమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. యాభై ఆరేళ్ళ వయసులో కూడా నూట ఇరవై మంది పిల్లల సాంబారు డేకిశాను ఒంటిచేత్తో పక్కకు జరుపుతుంది. ఆదివారం గుడిలో పాట ఎత్తేది కూడా ఆమే. ఆ ఊరి క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు. హార్మోనియం చెడిపోయి మూడేళ్ళయింది గానీ ఎవరికీ ఆ లోటు తెలియదు. ఓబులమ్మ ఎంత పైస్థాయిలో ఎత్తితే సంఘమంతా అంత పైకి పోవాల్సిందే, అందనివాళ్ళు పెదవులు ఆడించి ఊరుకోవాల్సిందే. కొత్తగా వచ్చిన పాస్టరు ఒకసారి ఆమెను పిలిచి, "నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం గదమ్మా, ఓబులమ్మ ఏంది, ఎస్తేరమ్మ అని మార్చుకోరాదూ" అన్నాడు. "మా నాయన తల్లి, మా జేజి పేరు సామీ ఇది. యాభై ఏండ్లుగా దేవుడు నన్ను ఈ పేరుతోనే గుర్తుపడతాండాడు, ఇప్పుడు మార్చి ఆయప్పను తికమక పెట్టేదేంటికి?" అంది ఓబులమ్మ. పాస్టరు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తమ్ముడు యేసుప్రసాద్ ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న. తల్లి పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ఓబులమ్మే తెచ్చి పెంచుకుంది. పదకొండేళ్ళ కిందట మస్కట్ పోయి ఒక కంపెనీలో ఏసీలు బిగించే పనిలో కుదిరాడు. భార్య జీవిత అక్కడే ఒక క్లినిక్కులో నర్సు. వాళ్ళకు ఒక్కతే కూతురు, ప్రేమజ్యోతి. ఆ పిల్ల ఏడో నెలలోనే పుట్టింది. కిలోంబావు బరువు. అద్దాల పెట్టెలో పెట్టారని, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారని యేసుప్రసాద్ ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు. ఓబులమ్మ ఆ ఫోను పెట్టేసి, తెల్లవారకముందే గుడి తలుపు తీయించుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఈ బిడ్డ బతికి ఐదేళ్ళు నిండితే, ఐదు సేర్ల బియ్యం ఆ బిడ్డ చేతులతోనే, సంఘం ముందర, ఆదివారం ఆరాధనలో పోయిస్తానని మొక్కుకుంది.

ఐదు సేర్ల బియ్యం ఏమంత పెద్ద మొక్కు అని ఎవరికైనా అనిపించవచ్చు. అవి మామూలు బియ్యం కావు. ఆ పల్లెల్లోని క్రైస్తవ ఆడవాళ్ళకు తాతల కాలం నుంచి ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. ఆ గుప్పెడు దేవుడిది. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆ కుండలో చెయ్యి పెట్టరు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెచ్చి గంపలో పోస్తే, ఆరాధన అయ్యాక లేనివాళ్ళకు చేరుతుంది. సొంత బియ్యమే కావాలి, సొంత చేత్తోనే తీయాలి. ఓబులమ్మ ఆ గుప్పెడు కాక, మేనకోడలి కోసం నెలకు రెండు గుప్పెళ్ళు తీసి వేరే కుండలో వేస్తూ వచ్చింది. పిల్లకు ఐదేళ్ళు నిండాయి, ఐదు సేర్లూ నిండాయి. పిల్లను తీసుకొచ్చేందుకు మాత్రం తమ్ముడికి సెలవు దొరికితే మరదలికి దొరకలేదు, మరదలికి దొరికితే తమ్ముడికి దొరకలేదు. కడకు యేసుప్రసాదే అన్నాడు, "నువ్వే రాక్కా. వీసా నేను పంపిస్తా. వీకెండుకొచ్చి రెండు దినాలు హాయిగా ఉండి పో."

వీకెండు అంటే శనివారం, ఆదివారం. బడిలో పనిచేసే మనిషికి ఆమాత్రం తెలియదా! కోయిలకుంట్లలో నెట్‌సెంటరు నడిపే గోపీనాథ్ దగ్గరికి పోయి కూర్చుంది. "గురువారం ఎక్కితే ఇంకో దినం కలిసొస్తాది గదమ్మా" అన్నాడతను. "నాకు దినాలు ముఖ్యం గాదప్పా. ఆదివారం నడుమ పడాల. ఒక దినం ముందు, ఒక దినం ఎనక. చూసుకో" అంది. శుక్రవారం ఎక్కి శనివారం దిగేలా, సోమవారం పొద్దున మళ్ళీ ఎక్కేలా తీశాడు గోపీనాథ్. తారీఖులు చూసిన యేసుప్రసాద్, అక్కకు బడిలో సెలవు అలా దొరికిందేమో అనుకుని ఊరుకున్నాడు. మొక్కు సంగతి అక్క వాడికి చెప్పలేదు, పోయి నిలబడి చెబుదామని దాచుకుంది. ఇద్దరూ ఒక్క మాట తక్కువ మాట్లాడారు, అంతే.

తిరిగొచ్చేదాకా బడి వంట బాధ్యత తోటి వంటామె సోమక్కకు అప్పజెప్పి, పప్పు మాడుతుందని తెలిసి కూడా గుండె రాయి చేసుకుని బయలుదేరింది ఓబులమ్మ. పెట్టెలో జొన్నపిండి, చెనిక్కాయల పొడి, గోంగూర తొక్కు, పిల్లకు పరికిణీ గుడ్డ, వాటన్నిటి నడుమ తెల్లగుడ్డ సంచిలో కుట్టిన ఐదు సేర్ల బియ్యం. లాజరు కర్నూలు బస్టాండు దాకా వచ్చి హైదరాబాదు బస్సెక్కించి, "ఇమానం కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దు" అని జాగ్రత్త చెప్పి దిగాడు. ఎన్నడూ విమానం ఎక్కనివాళ్ళ జాగ్రత్తలే ఎక్కువగా ఉంటాయి!

విమానం నేల వదిలేటప్పుడు ఓబులమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. గుడిలో అలవాటైన గొంతు గదా, ముందు నాలుగు వరుసలు, వెనక నాలుగు వరుసలు తిరిగి చూశాయి. "ఆమేన్" అని కళ్ళు తెరిచి కిటికీలోంచి చూస్తే కింద దీపాలు చుక్కల్లా కనబడ్డాయి. ఇక అక్కడి నుంచి ఆమెకు పట్టపగ్గాల్లేవు. పక్క సీటాయన వద్దు వద్దంటున్నా మురుకులు పెట్టింది. నీళ్ళిచ్చిన అమ్మాయిని ఏ ఊరని అడిగింది. తెల్లవారుజామున మస్కట్లో దిగి బయటికి రాగానే ఆమె కళ్ళబడింది ఒక చిన్న గులాబీరంగు గౌను. "అత్తా!" అని పరుగున వచ్చి నడుము చుట్టేసింది ప్రేమజ్యోతి. కిలోంబావు పిల్ల! ఎత్తుకుంటే చెయ్యి లాగేంత బరువుంది. ఓబులమ్మ ఆ బరువుకు పొంగిపోయి, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, తమ్ముడిని ఒక చేత్తో, మరదలిని ఇంకో చేత్తో పట్టుకుని ఎవరినీ వదల్లేదు.

కారులో పోతుంటే తెల్లారింది. రోడ్డుకు రెండు వైపులా తెల్లటి మేడలు, మేడల వెనక ఒక్క చెట్టయినా లేని నల్లటి రాతికొండలు. ఓబులమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఇదేందిరా, మన ఎర్రగుంట్ల పక్క గుట్టల మాదిరే ఉండాయే!"

"అవునక్కా, నేనొచ్చినప్పుడు నాకూ అట్లే అనిపించింది" అన్నాడు యేసుప్రసాద్.

"ఇంత దూరం ఇమానమెక్కొచ్చి మల్లా గుట్టలే చూడాల్నా? సముద్రం యాడ పెట్టినార్రా?"

"చూపిస్తా చూపిస్తా. ముందు ఇంటికొచ్చి పడుకో. ఈ రెండు దినాలు నువ్వు చెంచా గూడా కడగకూడదని జీవిత ఆర్డరు."

"అవును వదినా" అంది జీవిత. "కిచెన్లో అడుగు పెట్టినారంటే నేను ఊరుకోను."

ఆ ఆర్డరు గంటసేపు నిలిచింది. జీవిత స్నానానికి పోయి వచ్చేలోపల ఓబులమ్మ జొన్నరొట్టెలు కొట్టి, తొక్కు నూరి, గిన్నెలు కడిగి, ఏమీ ఎరగనట్టు సోఫాలో కూర్చుంది. నలుగురూ తినడానికి కూర్చున్నారు. యేసుప్రసాద్ రెండో రొట్టె తుంచుతూ అన్నాడు, "నిన్న గుడిలో అందరూ నిన్నే అడిగినారక్కా. అక్క ఒక్క దినం ముందొచ్చుంటే పాట పాడించేవాళ్ళం గదా అని పాస్టరు గూడా అన్యాడు."

ఓబులమ్మ రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది. "నిన్న శుక్కురారం గదరా. శుక్కురారం గుడేంది?"

"ఈడ సెలవు శుక్రవారం, శనివారం గదక్కా. మన తెలుగు ఆరాధన శుక్రవారం పొద్దున. ఆదివారం అందరికీ డ్యూటీలే. రేపు నాకూ డ్యూటీనే, జీవితకూ డ్యూటీనే, దీనికీ బడి ఉంటాది. రేపొక్క దినం నువ్వు ఒంటిగా రెస్టు తీసుకోవాల."

ఓబులమ్మ తల ఊపింది. రొట్టె తిన్నది. ఇంకొకటి కావాలా అంటే వద్దంది. ఆదివారం సెలవు లేని ఊరు ఒకటి ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఆరాధన ఎప్పుడు అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. సూర్యుడు ఎప్పుడు పొడుస్తాడని ఎవరైనా అడుగుతారా! ఐదేళ్ళు గుప్పెడు గుప్పెడు తీసి పెట్టి, సముద్రం దాటించి తెచ్చి, ఒక్క రోజు ఆలస్యంగా దిగింది.

సాయంత్రం సముద్రం దగ్గరికి పోయారు. కొండ అంచున వంపు తిరిగిన రోడ్డు, దాని పక్కనే నీలంగా నీళ్ళు, నీళ్ళలో తెల్లటి ఓడలు. ఎంత దిగులున్నా ఓబులమ్మ లోపలి పిల్ల ఊరుకుంటుందా! చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, ప్రేమజ్యోతి చెయ్యి పట్టుకుని అలలోకి దిగింది. చల్లటి నీళ్ళు మోకాలి దాకా రాగానే కెవ్వున అరిచింది. పిల్ల కూడా కెవ్వుమంది. ఇద్దరూ పోటీ పడి అరుస్తుంటే ఒడ్డున కూర్చున్నవాళ్ళు నవ్వారు. జీవిత ఫోన్లో వీడియో తీసింది. యేసుప్రసాద్ కాల్చిన చేప తెచ్చాడు. అక్క కూర్చుని తినడం చూసి ఎన్నేళ్ళయిందో వాడికే గుర్తులేదు. ఎప్పుడూ వడ్డిస్తూ నిలబడే మనిషి, ఇప్పుడు ఇసకలో కాళ్ళు చాపుకుని, ముళ్ళు ఏరుకుంటూ, "ఉప్పు జాస్తి అయింది" అని వంకలు పెడుతూ కూర్చుంది.

అక్కడే కడుపులో ఉన్న మాట కక్కేసింది. మొక్కు, కుండ, గోపీనాథ్ తీసిన టికెట్టు, అన్నీ చెప్పింది.

"ఇంతేనా అక్కా!" అన్నాడు యేసుప్రసాద్. "మన ఇంట్లోనే ప్రార్థన పెట్టుకుని పోయిద్దాం. దేవునికి యాడైనా ఒకటే గదా."

"దేవునికి ఒకటేరా. నేను మొక్కుకునింది అట్ల గాదు. ఆదివారం, సంఘం ముందర అని నోరార అన్యా. బిడ్డ పెట్టెలో ఉన్నప్పుడు బేరం లేకుండా మొక్కుకుని, బిడ్డ బాగుపడినంక బేరమాడేదా?"

"వచ్చే శుక్రవారం మేమే పోయిస్తాంలే వదినా, వీడియో పంపిస్తాం" అంది జీవిత మెల్లగా.

"శుక్కురారం ఆదివారమవుతాదా జీవితా?" అంది ఓబులమ్మ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. ప్రేమజ్యోతి వచ్చి అత్త ఒళ్ళో తడి ఇసక పోసి పరిగెత్తింది.

ఆదివారం పొద్దున ఆరున్నరకు తమ్ముడు, ఏడుకు మరదలు, ఏడుంబావుకు బడి బస్సెక్కి మేనకోడలు, అందరూ వెళ్ళిపోయారు. ఇల్లు నిశ్శబ్దమైంది. రెస్టు తీసుకోమని మూడు సార్లు చెప్పి పోయారు గనక ఓబులమ్మ సోఫాలో పడుకుంది. పైకప్పు చూసింది. ఊళ్ళో ఈపాటికి మొదటి గంట కొట్టి ఉంటారు, తను లేకుండా పాట ఎవరు ఎత్తుతున్నారో, ఏ స్థాయిలో ఎత్తి ఎక్కడ వదిలేస్తున్నారో అని ఆలోచించింది. పావుగంట కాకముందే లేచింది. వంటగది తుడిచింది, కిటికీలు తుడిచింది, నిన్న తడిసిన బట్టలు ఉతికి బకెట్టులో వేసుకుని ఆరేయడానికి మిద్దె మీదికి పోయింది.

మిద్దె మీద నీళ్ళట్యాంకుల పక్కన ఒకామె దుప్పట్లు ఆరేస్తోంది. నలభై ఏళ్ళుంటాయి, తలకు రుమాలు కట్టుకుని ఉంది. ఒక దుప్పటి గాలికి ఎగిరి జారిపోబోతే, ఆమె "ఓయమ్మా, యాడికి పోతాండావే నువ్వు!" అని దుప్పటిని తిట్టింది.

ఓబులమ్మ బకెట్టు అక్కడే దించేసింది. "ఏ ఊరు తల్లీ మీది?"

ఆమె గిరుక్కున తిరిగింది. "ఎర్రగుంట్ల! మీరు యాడోళ్ళక్కా?"

"కోయిలకుంట్ల!"

ఇద్దరికీ మధ్య తడి దుప్పటి ఉంది. అది అలాగే ఉండగానే చేతులు పట్టుకున్నారు. ఆమె పేరు స్వర్ణలత. పై అంతస్తులో ఒక పెద్ద కుటుంబానికి వంట చేస్తుంది, వచ్చి పద్నాలుగేళ్ళయింది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ కనబడగానే ఓబులమ్మ అడిగేసింది, "నువ్వు శుక్కురారం గుడికి పోతావా తల్లీ?"

"యాడ పోతానక్కా? శుక్కురారం ఆ ఇంటికి చుట్టాలు ముప్పై మంది వస్తారు. ఆ దినమే మాకు పని జాస్తి. ఇండ్లల్లో వంట చేసేటోళ్ళకు, పిల్లోల్లను చూసేటోళ్ళకు శుక్కురారం గుడి ఉండదు." స్వర్ణలత దుప్పటి సర్దుతూ మామూలుగా చెప్పుకుపోయింది. "మాకు ఆదివారం మూడు గంటలకు రెండు గంటలు ఇడుస్తారు. ఈ వీధిలోటోళ్ళం ఎనిమిది మందిమి ఉండాం. అదిగో ఆ రేకుల గది ఉండాది చూడు, దాంట్లో కూడుతాం."

"ఈ పొద్దా?"

"ఈ పొద్దే. పాస్టరు లేడు, పాటెత్తే దిక్కు గూడా లేదు. ఫోన్లో పాట పెట్టుకుని ఇంటాం, ఒకరి కష్టం ఒకరం చెప్పుకుంటాం, పోతాం."

ఓబులమ్మ పక్కనున్న ట్యాంకు మీద అరచేత్తో చరిచింది. ఆదివారం! సంఘం! తల మీద పది మెట్ల దూరంలో పెట్టుకుని నిన్నంతా సముద్రం ఒడ్డున కూర్చుని బాధపడింది! "పాట నేనెత్తుతా" అంది. "మూడు గంటలకు గదా? నేనెత్తుతా. ఒక బిడ్డను గూడా తీసుకొస్తా. పెద్ద బేసిన్ ఏదైనా ఉంటే పట్టుకురా తల్లీ."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. తమ్ముడికి ఫోను చేసి, "ఎట్లన్నా చేసి నాలుగు గంటలకన్నా రారా" అని మూడు ముక్కల్లో ఆజ్ఞ వేసింది. ఒంటిగంటకు బడి బస్సు దిగిన ప్రేమజ్యోతికి తలస్నానం చేయించి, నూనె పెట్టి రెండు జడలు వేసింది. రెండున్నరకు డ్యూటీ నుంచి వచ్చిన జీవితను నర్సు బట్టలు కూడా మార్చుకోనివ్వలేదు, "నువ్వట్లే బాగుండావు, పద" అని మెట్లెక్కించింది. బియ్యం సంచి మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే చంకన పెట్టుకుంది.

రేకుల గదిలో పాత చాపలు రెండు పరిచారు. ఎనిమిది మందీ పరుగు పరుగున వచ్చారు. ఒకామె చేతికి ఇంకా పిండి అంటుకుని ఉంది. అందరిలోకి పెద్దామె ఏసుమణి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంది. ప్రొద్దుటూరు రామసుబ్బమ్మ క్రైస్తవురాలు కాదు, శ్రీరామనవమికి పానకం చేసుకునే మనిషి, తెలుగు వినడానికి ప్రతి ఆదివారం వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఓబులమ్మ అందరి వైపూ చూసి, గొంతు సవరించుకుని, ఊళ్ళో ఎత్తే స్థాయిలోనే పాట ఎత్తింది. మొదట అందరూ బిత్తరపోయారు. రెండో చరణానికి అందుకున్నారు. మూడో చరణానికి ఏసుమణి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఫోను మూలన పడి ఉంది, దాని అవసరం ఎవరికీ రాలేదు.

పాటయ్యాక ఓబులమ్మ నిలబడి మొక్కు కథ చెప్పింది. కిలోంబావు బరువు అనగానే ఆడవాళ్ళందరూ తిరిగి ప్రేమజ్యోతి బుగ్గలు చూసి "దేవా!" అన్నారు. జీవిత ముఖం చేతుల్లో దాచుకుంది. ఓబులమ్మ సంచి కుట్టు విప్పింది. కర్నూలు సోనా బియ్యం సన్నటి వాసన గదిలోకి వచ్చింది. ప్రేమజ్యోతి చిన్న చేతులు రెండూ సంచిలో పెట్టి, దోసిలి నింపి, స్వర్ణలత తెచ్చిన నీలం బేసిన్లో పోసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది. ఐదు సేర్లూ అలా పోయడానికి చాలాసేపే పట్టింది. ఒక్కరూ విసుక్కోలేదు. చివరి గింజ దాకా సంచి దులిపి పోశాక, ఐదేళ్ళ భారం భుజం మీంచి దిగినట్టయి ఓబులమ్మ గట్టిగా "స్తోత్రం!" అంది. గది దద్దరిల్లింది.

"ఇప్పుడు ఈ బియ్యం ఎవరికి ఇద్దాం? మీలో లేనోళ్ళు ఎవరు?" అని అడిగింది.

అందరూ నవ్వారు. "తిండికేం తక్కువలేదక్కా మాకు" అంది ఏసుమణి. "దినామూ డేకిశాలకు డేకిశాలు వండుతాండాం."

"తలా ఒక గుప్పెడు ఇప్పించక్కా, చాలు" అంది స్వర్ణలత. "మన పక్క బియ్యం చేత్తో పట్టుకుని శానా దినాలయింది."

ప్రేమజ్యోతి బేసిన్ పట్టుకున్న అత్తతో పాటు తిరుగుతూ ఒక్కొక్కరి చేతిలో గుప్పెళ్ళు పోసింది. ఒకామె వాసన చూసుకుంది. ఒకామె రెండు గింజలు నోట్లో వేసుకుంది. రామసుబ్బమ్మ కళ్ళకద్దుకుంది. స్వర్ణలత మాత్రం గుప్పిట బిగించి దాని వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి నిలబడి, బేసిన్ దగ్గరికి నడిచి వచ్చింది.

"అక్కా, ఇది ఇప్పుడు నాదే గదా?"

"నీదే తల్లీ. బిడ్డ ఇచ్చిందే గదా."

"పద్నాలుగేండ్లుగా మూడు పూటలా బియ్యం కడుగుతాండానక్కా. ఎసట్లో పోసేటప్పుడు చెయ్యి దానంతట అదే గుప్పెడు తీస్తాది. మల్లా ఆడనే ఇడుస్తా. అవి వాళ్ళ బియ్యం, నావి గావు గదా, దేవునికి నేనెట్ల ఇచ్చేది?" అంటూ గుప్పిట విప్పింది. బియ్యం బేసిన్లో జారాయి. "ఇవి నావి."

ఏసుమణి గోడ పట్టుకుని లేచింది. "నావీ" అని పోసింది. చేతికి పిండి అంటుకున్నామె లేచింది. ఒకరి వెనక ఒకరు లేచారు. అందరూ పోశాక రామసుబ్బమ్మ గోడ దగ్గరే తచ్చాడుతూ, "నేను మీ మతం గాదు గదమ్మా, నేనూ పోయొచ్చునా?" అంది. "రా తల్లీ, నీ చెయ్యి గూడా పడనీ" అని ఓబులమ్మ ఆమె భుజం పట్టుకుని దగ్గరికి తీసుకుంది. ఓబులమ్మ ఏడుస్తోంది. దుఃఖం కాదు, పండుగనాడు పాలు పొంగినట్టు సంతోషం పొంగుతోంది, దాన్ని ఆపుకోవడం ఆమెకు చేతకావడం లేదు. ఒక్క పిల్ల పేరు మీద తెచ్చిన బియ్యం ఇంతమందికి బాకీ ఉన్నట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. కంపెనీ యూనిఫాంలో, చెమటలు కారుతూ, యేసుప్రసాద్ తలుపు దగ్గర ఆగాడు. నిండుగా ఉన్న బేసిన్ చూసి, అవి బిడ్డ ఇంకా పోయాల్సిన బియ్యమే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"అమ్మయ్య! ఇంకా మొదలుపెట్టలేదా అక్కా? సమయానికే వచ్చినా."

"ఎప్పుడో పోసింది నీ బిడ్డ" అంది ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఈ పైనుండేవి వీళ్ళు పోసిన బియ్యంరా."

యేసుప్రసాద్‌కు ముందు అర్థం కాలేదు. స్వర్ణలత వైపు, పక్కనున్న ఆడవాళ్ళ బియ్యపు ధూళి అంటిన ఖాళీ చేతుల వైపు చూశాడు. అప్పుడు బూట్లు విప్పి, లోపలికి వచ్చి, చాప మీద వాళ్ళ వెనక కూర్చున్నాడు.